ఇంటి చదువుల సభకు పోయే ముందు, పోయి వచ్చిన తర్వాత

(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు నన్ను మాట్లాడమన్నప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల గురించి చెబుతాననుకున్నారు. ముప్పై ఏళ్ళుగా పంపులు, కాలువల పనుల్లో ఉన్నవాణ్ణి కాబట్టి అట్లా అనుకోవడం సహజమే. కానీ ఈ మధ్య మన బ్యాచ్ వాళ్ళు నాకు ఫోన్ చేసి నీళ్ళ సంగతి అడగడం తక్కువైంది. "పిల్లవాణ్ణి బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నం. ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రుల సభ ఒకటున్నదట. పోవాల్నా? పోతే ఏం చూడాలె?" అని అడుగుతున్నారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికాలో డాలస్ నుంచి కూడా అడిగారు. మా చెల్లెలి కూతురు మూడేళ్ళు ఇంట్లో చదివి, ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాసింది. ఆ దారిలో రెండు సభలకు వాళ్ళతోపాటు నేనూ పోయాను. అందుకే నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు ఇవాళ అందరికీ కలిపి చెబుతాను.

బడి పండుగలో బడి మానే మాటేందని గురువులు కోప్పడవద్దు. నేను బడి మానమని చెప్పడానికి రాలేదు, మానవద్దని చెప్పడానికీ రాలేదు. ఆ నిర్ణయం తీసుకునే ముందు తల్లిదండ్రులు కళ్ళు తెరిచి చూడవలసినవి చెప్పడానికి వచ్చాను.

సభలు మనకు కొత్త కాదు

ఏదో ఒక పని కోసం దూరం పోయి సభలో కూర్చుని రావడం మన ప్రాంతానికి పాత అలవాటే. నిజాం కాలంలో 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. 1931లో దేవరకొండలో రెండో సభ. దానికి అధ్యక్షులు మన కల్వకుర్తి పక్కన పడకల్లులో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు. 1936లో షాద్‌నగర్‌లో ఐదో సభకు కొండా వెంకట రంగారెడ్డి గారు అధ్యక్షులు. మాతృభాషలో చదువు, ఆడపిల్లల చదువు, గ్రంథాలయాలు ఆ సభల్లో ముఖ్యమైన విషయాలు. సర్కారు బడి లేని ఊళ్ళో ఖాన్గీ బడి పెట్టాలన్నా అనుమతి కావలసిన రోజులవి.

ఆ సభలు ఉపన్యాసాల వల్ల నిలబడలేదు. పోయినవాళ్ళు తిరిగొచ్చి తమ ఊళ్ళో ఏదో ఒక పని పట్టుకున్నందువల్ల నిలబడ్డాయి. ఎత్తిపోతలలో కృష్ణ నీటిని ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు మెట్లుగా పైకి ఎత్తుతారు. ఎంత పెద్ద పంపు పెట్టినా చివర పిల్లకాలువ తవ్వకపోతే చేనుకు నీళ్ళు రావు. సభ పంపు వంటిది. పిల్లకాలువ మన ఇంట్లో మనమే తవ్వుకోవాలి.

ఇంటి చదువు సంగతి క్లుప్తంగా

ఇంట్లో చదివించడం కూడా మనకు పూర్తిగా వింత కాదు. ప్రైవేటుగా మెట్రిక్ కట్టి పాసైన వాళ్ళు మన తాతల తరంలో ఊరికొకరైనా ఉండేవారు. ఇప్పుడు వింటున్నది మాత్రం కొంచెం వేరు. బడి అందుబాటులో ఉండి కూడా, కావాలని ఇంట్లో చదివించడం. అమెరికాలో జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు 1977లో దీని కోసమే ఒక పత్రిక పెట్టారు. ఇవాళ అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధమే, కాని నియమాలు రాష్ట్రానికొక తీరు. 2016 నాటికి అక్కడ సుమారు 17 లక్షల మంది పిల్లలు ఇట్లా చదువుతున్నారు. కరోనా ఏడాది, 2020 వసంతంలో బడి పిల్లలున్న ఇళ్ళలో 5.4 శాతం ఇంటి చదువులో ఉన్నామని చెబితే, ఆ ఏడు శరత్కాలానికి అది 11.1 శాతమైంది. అందుకే అక్కడ పెద్ద హోటళ్ళలో రెండు మూడు రోజుల సభలు, వందలాది పుస్తకాల అంగళ్ళు. వాటిలో చాలావరకు ఒక మతం పునాది మీద నడుస్తాయి. డాలస్ తమ్ముళ్ళు ఇది ముందే తెలుసుకుని పోతే అక్కడ ఇబ్బంది పడరు.

మన దేశంలో సభలు చిన్నవి. వంద కుటుంబాలు, ఒక తోట, చాపలు, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది. చట్టం సంగతి చెబుతాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం అందులో రాయలేదు. ఇంటి చదువు అనే మాట కూడా ఆ చట్టంలో లేదు. కాబట్టి సభలో ఎవరైనా "చట్టం మనకు పూర్తి అనుమతి ఇచ్చింది" అన్నా, "పోలీసులు వస్తారు" అని భయపెట్టినా, రెండూ నమ్మవద్దు.

పోయే ముందు

మేం టెండరు పిలిచే ముందు సైటు చూస్తాం, కొలతలు రాసుకుంటాం. కొలతలు లేకుండా కొటేషన్లు అడిగితే అమ్మేవాడు తన దగ్గరున్నదే మనకు కావలసిందని చెబుతాడు. ఇక్కడా అంతే.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పిల్లవాడికి బడిలో ఏం ఇబ్బంది ఉందో రాయండి. బస్సులో రోజూ మూడు గంటలు పోతున్నాయా? హాస్టల్లో నిద్ర లేదా? తోటిపిల్లలు ఏడిపిస్తున్నారా? అక్షరాలు కుదురుకోవడం లేదా? ఆటలోనో సంగీతంలోనో ఎక్కువ సమయం కావాలా? తండ్రి ఉద్యోగం ఏడాదికొక ఊరా? ఒక్కొక్క దానికి మందు వేరు. బస్సు బాధ అయితే దగ్గరి బడికి మార్చితే పోతుంది. అక్షరాలు కుదరకపోతే ముందు పిల్లల డాక్టరుకు, ప్రత్యేక ఉపాధ్యాయులకు చూపించాలి. ఇంటికి తెచ్చినంత మాత్రాన ఆ ఇబ్బంది తగ్గదు. చాలామంది సమస్య ఈ కాగితం దగ్గరే తేలిపోతుంది. వాళ్ళకు సభ అక్కరలేదు.

ఆ కాగితం పిల్లవాడికీ చూపించండి. వాడి మాట వాడి చేతనే రాయించండి. మా చెల్లెలి కూతురు రాసిన మాట ఒక్కటే: "నాకు ప్రశ్న అడగాలంటే భయం." మేం పెద్దవాళ్ళం రాసుకున్న పది కారణాల్లో అది లేదు.

తర్వాత మూడు ప్రశ్నలు ఎంచుకోండి. ముప్పై వద్దు. ఉదాహరణకు: ఇంట్లో రోజూ ఎవరు కూర్చుంటారు? పదో తరగతి పరీక్ష ఏ బోర్డు ద్వారా? తోటిపిల్లలు ఎక్కడ దొరుకుతారు? సభలో ఏ ఉపన్యాసానికి పోవాలో, దేనికి పోనక్కర లేదో ఈ మూడు ప్రశ్నలే చెబుతాయి.

ఎవరు పోవాలనేది కూడా ముఖ్యం. మన ఇళ్ళల్లో తండ్రి పోయి వచ్చి నిర్ణయం చెబుతాడు, భారం తల్లి మీద పడుతుంది. ఇది కుదరదు. ఇద్దరూ పోవాలి. వీలైతే నాయనమ్మనో అమ్మమ్మనో తీసుకుపోండి. రోజంతా ఇంట్లో ఉండేది వాళ్ళే, చుట్టాలకు జవాబు చెప్పుకోవలసిందీ వాళ్ళే. వాళ్ళకు అర్థం కాని చదువు ఆ ఇంట్లో నిలవదు.

ఇంకొకటి డబ్బు. ఎంత ఖర్చు పెట్టాలో ఇంట్లోనే రాసుకుని పోండి. సభలో మనసు మెత్తబడి ఉంటుంది. పక్కవాళ్ళ పిల్లలు తెలివిగా కనబడతారు. మనం వెనకబడిపోయామనిపిస్తుంది. ఆ గడియలోనే ఏడాది ఫీజు కట్టించుకునే వాళ్ళు అంగడి పెట్టుకుని ఉంటారు.

సభలో

అన్ని ఉపన్యాసాలూ వినాలని పరుగెత్తవద్దు. దంపతులు పంచుకోండి. ఒకరు చట్టం, పరీక్షల సంగతి వినండి, ఇంకొకరు పిల్లల మధ్య తిరగండి. రోజుకు రెండు ఉపన్యాసాలు చాలు. మిగతా సమయం మనుషులతో మాట్లాడండి.

ఎవరితో మాట్లాడాలి? మన పిల్లల కంటే ఐదారేళ్ళు పెద్ద పిల్లలున్న కుటుంబాలతో. ఆరేళ్ళ పిల్లను ఇంట్లో చదివించే వాళ్ళందరూ సంతోషంగానే ఉంటారు. పదిహేడేళ్ళ పిల్లలున్న వాళ్ళను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. "ఇప్పుడు ఏ కాలేజీలో చేరారు? ఏ సర్టిఫికెట్ చూపించారు? ఏం పనికిరాలేదు? మళ్ళీ మొదలుపెడితే ఏం మారుస్తారు?" అని అడగండి. ఆ పిల్లలతో విడిగా మాట్లాడండి. తల్లిదండ్రులు చెప్పిందీ పిల్లలు చెప్పిందీ ఒకటే అయితే ఆ కుటుంబం మాట మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

వేదిక మీద మాట్లాడే ప్రతి వారినీ ఒక ప్రశ్న అడగండి: "ఈ పద్ధతి ఎటువంటి పిల్లలకు పనికిరాదు?" సూటిగా చెప్పగలిగిన వాళ్ళ మాట వినండి. అందరికీ పనికొస్తుందన్న వాళ్ళ అంగడి బయట ఎక్కడుందో చూడండి. ప్రతి పంపుకూ ఎంత ఎత్తుకు ఎంత నీరిస్తుందో ఒక పట్టిక ఉంటుంది. ఏ ఎత్తుకైనా ఎంత నీరైనా ఇస్తుందంటే అది పంపు కాదు, ప్రచారం.

పుస్తకాలు, కిట్లు ఆ రోజు కొనవద్దు. పేరు, ధర రాసుకోండి, రెండు పేజీలు చదివి చూడండి. ఇంటికొచ్చి వారం తర్వాత కూడా కావాలనిపిస్తే తెప్పించుకోండి. మన రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ, కేంద్ర ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్లో ఉచితంగా ఉన్నాయి. తెలుగులో పిల్లల పుస్తకాలు మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి తక్కువ ధరకే దొరుకుతాయి. ముందు వాటిని చదివించండి. 'రైలుబడి' తల్లిదండ్రులు కూడా చదవదగ్గ పుస్తకం. బడి బాగుంటే పిల్ల ఎట్లా వికసిస్తుందో అందులో కనబడుతుంది.

కాగితాల సంగతి

ఇది సభల్లో తక్కువ చెబుతారు. ఉద్యోగంలో ఫైళ్ళు మోసినవాణ్ణి కాబట్టి నేను కొంచెం ఎక్కువ చెబుతాను.

2016లో ముంబయికి చెందిన ఒక అమ్మాయి అమెరికాలోని ఎంఐటీలో సీటు తెచ్చుకుంది. చాలా ఏళ్ళు ఇంట్లో చదివి, అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పతకాలు గెలిచిన పిల్ల. ఈ కథ ప్రతి సభలోనూ చెబుతారు. ఆ పిల్లకు పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందువల్ల మన ఐఐటీలో చేరే దారి లేకపోయిందన్నది మాత్రం తక్కువ మంది చెబుతారు. అందరి పిల్లలూ ఒలింపియాడ్ పతకాలు తేలేరు. సర్టిఫికెట్ దారి మనం చూసుకోవాల్సిందే.

ఆ దారి ఉంది. 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యాలయం, అంటే ఎన్ఐఓఎస్, పదో తరగతికి 14 ఏళ్ళు, ఇంటర్ స్థాయికి 15 ఏళ్ళు నిండిన వాళ్ళను చేర్చుకుంటుంది. ఐదు సబ్జెక్టులు పాసు కావాలి. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఒకసారి చేరితే ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. తెలుగులోనూ పదో తరగతి రాయవచ్చు. మన రాష్ట్రంలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా పదో తరగతి, ఇంటర్ పరీక్షలు పెడుతుంది. పిల్లవాడు ఇంజినీరింగో వైద్యమో అంటే, ఆ ప్రవేశ పరీక్ష ఏ సబ్జెక్టులు, ఏ ప్రాక్టికల్స్ అడుగుతుందో చూసుకుని, వాటినే ఓపెన్ స్కూల్లో ఎంచుకోవాలి. నియమాలు మారుతుంటాయి. ఆ ఏటి బులెటిన్ మీరే చదవండి, ఎవరో చెప్పారని ఊరుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం స్థానికత. కాలేజీ సీట్ల దగ్గర వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారని అడుగుతారు. సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్లలో 1 నుంచి 7వ తరగతి దాకా బోనఫైడ్ అడుగుతారు. బడిలో చదవని పిల్లలకు వాటి బదులు నివాస ధ్రువపత్రం కావాలి. కాబట్టి కుటుంబం ఫలానా ఊళ్ళో ఉన్నదని రుజువు చేసే కాగితాలు, రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు, ఏ ఏటికి ఆ ఏడు ఒక ఫైల్లో పెట్టుకోండి. జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఇదివరకు చదివిన బడి టీసీ, రికార్డు షీటు పోగొట్టుకోవద్దు. పదేళ్ళ తర్వాత ఈ ఫైలు విలువ తెలుస్తుంది.

తిరిగొచ్చిన తర్వాత

మూడు రోజులు ఎవరితోనూ నిర్ణయం చెప్పవద్దు. నాలుగో రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని, ముందు రాసుకున్న కాగితం మళ్ళీ తీయండి. మూడు ప్రశ్నలకు జవాబు దొరికిందా? విన్న ఇరవై విషయాల్లో రెండు మాత్రం ఎంచుకోండి.

తర్వాత ఎండాకాలం సెలవుల్లో పరీక్షించి చూడండి. టీసీ తీసుకోవద్దు. ఆరు వారాలు ఇంట్లో రోజుకు రెండు గంటలు కూర్చోండి. ఎవరు కూర్చున్నారు, ఏ రోజు కుదరలేదు, ఎందుకు కుదరలేదు అని గోడ మీద క్యాలెండర్లో గుర్తు పెట్టండి. నలభై రెండు రోజుల్లో ఇరవై రోజులు కుదరకపోతే, ఏడాది పొడుగునా కుదరదు. అప్పుడు బడిలోనే ఉంచి, ఆ రెండు గంటల్లో మంచివి మాత్రం ఇంట్లో కొనసాగించండి. సభకు పోయిన ఫలితం అట్లా కూడా దక్కుతుంది. కుదిరితే, అప్పుడు ధైర్యంగా ముందుకు పోండి.

పోయిన తర్వాత కూడా వెనక్కి వచ్చే దారి ఉంది. బడి మధ్యలో మానిన పిల్లలను 14 ఏళ్ళ లోపు వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. తిరిగి బడికి రావడం ఓటమి కాదు. పిల్లవాడికి ఏది మంచిదో చూసుకోవడమే.

మన నేల మాట

చివరికి ఒక్క మాట చెప్పకపోతే ఈ నేల మీద పుట్టినవాడిగా నాకు న్యాయం కాదు.

ఇంటి చదువు మాట హైదరాబాదులో ఒక తీరుగా, పాలమూరులో ఇంకో తీరుగా వినబడుతుంది. అమ్మానాన్న ఇద్దరూ చదువుకుని, ఒకరు ఇంటి పట్టున ఉండగలిగిన చోట అది ఒక ఎంపిక. మన ఊళ్ళల్లో ఇంట్లో ఉన్న పిల్ల అంటే తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల, మేకలు కాసే పిల్లవాడు, పత్తి చేనులో కూలికి పోయే ఆడపిల్ల, పెళ్ళి చూపులకు సిద్ధం చేస్తున్న పదిహేనేళ్ళది. వలస పోయే తల్లిదండ్రుల వెంట పిల్లలు ఎంతమంది బడి విడిచారో మన గురువులకు తెలుసు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని చెప్పి, మన పక్క రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు పిల్లలను పని నుంచి బడికి తెచ్చారు. ఆ పనికే శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. అంత కష్టపడి బడిలోకి తెచ్చిన చోట, "ఇంట్లో చదువుతున్నది" అనే మాట ఒక సాకుగా మారకూడదు. ఇంటి చదువుల సభలో మన ప్రాంతం వాళ్ళు ఎవరు కూర్చున్నా ఈ మాట అక్కడ లేచి చెప్పాలి. ఇంట్లో చదవడం వేరు, ఇంట్లో ఉండిపోవడం వేరు.

అందుకే సంఘానికి నాదొక విన్నపం. ప్రతి ఏడూ ఎండాకాలం సెలవుల ముందు, ఒక ఆదివారం మన బడి ఆవరణలోనే తల్లిదండ్రుల కోసం ఒక బల్ల పెడదాం. పిల్లల్ని ఇంట్లో చదివించాలనుకునే వాళ్ళు వస్తే ఇక్కడ చెప్పిన సంగతులు ఓపికగా చెబుదాం. పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న పిల్లలు, పెళ్ళయి చదువు ఆగిన ఆడపిల్లలు, వలస నుంచి తిరిగొచ్చిన వాళ్ళు వస్తే ఓపెన్ స్కూల్ ఫారం అక్కడికక్కడే నింపిద్దాం. ఫీజు కట్టలేని వాళ్ళకు సంఘం కడుతుంది. రిటైరైన గురువులు వారానికి ఒక పూట పాఠం చెబితే, మనం ఎక్కడున్నా ఫోన్లో లెక్కలో, ఇంగ్లీషో చెబుదాం. గురువులు కూడా వీలైతే ఒకసారి అటువంటి సభకు పోయి రండి. బడి విడిచిన పిల్లలు ఎందుకు విడిచారో వాళ్ళ నోటనే వింటే, వాళ్ళను మళ్ళీ పిలవడానికి మన దగ్గర ఏం ఉండాలో తెలుస్తుంది.

మొదటి ఏడు పది ఫారాలు నిండినా చాలు. మొదటి ఫీజు నేను కడతాను. రిజిస్టరు ఎవరు రాస్తారో ఇవాళ భోజనాలకు లేచే లోపల తేల్చుకుందాం.